కోరంగి రేవులో ఒక పూట

కోరంగి చూసొచ్చామని చెప్పేవాళ్ళలో చాలామంది కోరంగి ఊళ్ళో కాలు పెట్టి ఉండరు. కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుని వస్తారు, మడ అడవిలో వేసిన చెక్క వంతెన మీద నడుస్తారు, బోటెక్కి ఫొటోలు దిగి మళ్ళీ కాకినాడ వెళ్ళి కాజా కొనుక్కుంటారు. ఆ అడవి చూడదగ్గదే. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్లలో బావురు పిల్లులున్నాయి, నీటి కుక్కలున్నాయి. కానీ నాకు కావలసింది ఆ అడవి వెనకున్న ఊరు. ఒకప్పుడు ఈ తీరంలో ఓడలు కట్టడానికి పేరుమోసిన రేవు అది.

పొద్దున్నే కాకినాడలో బస్సెక్కాను. దారిలో చొల్లంగి వస్తుంది. గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా స్నానం చేసే సప్తసాగర యాత్రని పుష్య బహుళ అమావాస్యకి మొదలుపెట్టేవాళ్ళు తొలి స్నానం చేసేది ఇక్కడే. గోదావరి ఏడు పాయల్లో తుల్యభాగ కలిసే చోటు చొల్లంగి అయితే, ఆత్రేయ కలిసే చోటు కోరంగి. ఈ పాయ గట్టునే ఊరు పుట్టింది. బస్సు దిగితే రోడ్డు పక్కన టీ కొట్టు, ఎండు చేపల వాసన, గట్టు మీద బోర్లించిన ఫైబర్ పడవలు. రేవు అనిపించేది ఏదీ కనపడదు. ఏటి నీళ్ళు గట్టుకి చాలా దిగువన బురద రంగులో ఉన్నాయి. అటు అడవి, ఇటు ఊరు.

ఇదే నీళ్ళలో 18వ శతాబ్దంలో తెరచాప ఓడలు నిలబడేవి. చుట్టుపక్కల ఇంజరం, నీలపల్లిలో ఇంగ్లీషువాళ్ళ ఫ్యాక్టరీలు, అంటే వర్తక స్థావరాలు, కూతవేటులో యానాంలో ఫ్రెంచివాళ్ళు. నేత బట్ట ఇక్కడి నుంచే బయటి దేశాలకి వెళ్ళేది. ఆ తర్వాత ఇక్కడి నుంచి మనుషులు కూడా వెళ్ళారు. మా ఇళ్ళలో పాతవాళ్ళు ‘రంగం వెళ్ళాడు’ అనేవారు, అంటే రంగూన్ అన్నమాట. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, విశాఖ నుంచి వెళ్ళినా బర్మావాళ్ళు తెలుగు కూలీలందరినీ కొరంగీలనే పిలిచారు. 1930లో రంగూన్ రేవులో సమ్మె చేసి, ఆనక అల్లర్లలో ప్రాణాలు పోగొట్టుకున్నది ఆ కొరంగీలే. ఇంత చిన్న ఊరి పేరు అంత దూరం పాకిందంటే ఇక్కడి నుంచి ఎన్ని ఓడలు వెళ్ళి ఉండాలో ఊహించుకోవచ్చు.

టీ కొట్టు దగ్గర ఎవరిని కదిపినా ముందు ఉప్పెన మాటే చెప్తారు. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. తుపానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడ్డింగ్టన్ ఈ సంగతి వివరంగా రాశాడు. చనిపోయినవాళ్ళు 20 వేలని అంచనా. మళ్ళీ 1839 నవంబరు 25న ఇంకో ఉప్పెన వచ్చింది. దానికి 3 లక్షల మంది పోయారని, 20 వేల పడవలు మునిగాయని ఎక్కడ చూసినా రాస్తారు. ఆ లెక్క నాకు మింగుడుపడదు. ఆ రోజుల్లో ఈ లంకల్లో అంత జనం, ఈ ఏటిలో అన్ని పడవలు పట్టేవా? నష్టం ఘోరమే, అందులో అనుమానం లేదు. సున్నాలు మాత్రం ఎక్కడో తోడైనట్టున్నాయి.

అసలు ఊరిని చంపింది ఉప్పెనే అనడం కూడా నాకు సరిగ్గా తోచదు. 1789లో సముద్రం అంత పని చేస్తే, 1802లో ఇక్కడే బ్రిటిష్ నేవీ ఓడల మరమ్మతుకి డాక్ కట్టారు. అంటే పదమూడేళ్ళకే మళ్ళీ ఇక్కడ సుత్తి దెబ్బలు వినపడ్డాయి. ఉప్పెన వచ్చిపోతుంది, మిగిలినవాళ్ళు లేచి పని మొదలుపెడతారు. గోదావరి తెచ్చే ఒండ్రు అలా కాదు. ఏటా కొంచెం కొంచెంగా మేట వేస్తూ పోయింది. పెద్ద ఓడలకి లోతు చాలలేదు. అదే ఇసుక సముద్రంలో పొడుగ్గా పేరుకుని హోప్ ఐలాండ్ అయింది, కాకినాడకి కెరటాలు తగలకుండా అడ్డం పడుకుంది. కోరంగి నోరు మూసిన ఇసుకే కాకినాడ పోర్టుకి గోడ కట్టింది! 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద సరుకు కూడా కాకినాడకే మళ్ళింది. ఇక్కడ కాకినాడని తిట్టేవాళ్ళు ఎవరూ తగల్లేదు. పిల్లలంతా అక్కడే కదా ఉద్యోగాలు చేస్తున్నది.

మధ్యాహ్నం గట్టు వెంట తాళ్ళరేవు వైపు నడిచాను. ఓడలు కట్టే పని కోరంగితో పాటు తాళ్ళరేవులోనూ సాగింది. కొబ్బరి తోట పక్కన పాత చెక్క బోటొకటి పైకెక్కించి బాగుచేస్తున్నారు. పలకల సందుల్లో నూలు కూరి, నీళ్ళు దిగకుండా తారులాంటి కీలు పూస్తున్నారు. పనివాళ్ళలో పెద్దాయన పొగాకు చుట్ట పక్కన పెట్టి, “కూర్చోండి బాబూ” అన్నాడు. బోటుకి ప్లాన్ గీసుకుంటారా అని అడిగాను.

“కాయితమెందుకండీ? అడుగుమాను ఎంత పొడుగో చెబితే మిగతాది కంటికే తెలుస్తాదండీ.”

పక్క చట్రానికి వంకర తిరిగిన తుమ్మ కొమ్మలు ఏరుకుంటారట. తిన్నటి మాను కోసి వంచినదానికంటే పుట్టుకతోనే వంగింది గట్టిదట. అడుగుకీ పలకలకీ టేకు, మద్ది. ఇప్పుడు టేకు ధర చూసి అందరూ ఫైబర్‌కే పోతున్నారు. ఆయన కొడుకు కూడా అదే పనిలో ఉన్నాడు.

“ఫైబరు తప్పా బాబాయ్?” అన్నాను.

“తప్పెందుకండీ, తేలిక. కానీ రాయి తగిల్తే పగులుద్ది. ఇది తగిలిన చోట అతుకేసుకోవచ్చండి.”

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉన్న 61 రోజులూ వీళ్ళకి చేతినిండా పని. బోట్లన్నీ అప్పుడే బాగుచేయిస్తారు. ఇది మాత్రం ఆలస్యంగా వచ్చిన బోటు. వేటకి వెళ్ళలేక దాని యజమాని రోజూ ఫోన్ చేసి టెన్షన్ పెడుతున్నాడట. ఇంకా ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే పెద్దాయన నవ్వాడు. పని రేపో ఎల్లుండో అయిపోతుంది. నీళ్ళలోకి దింపడానికే పున్నమి పోటు దాకా ఆగాలి. మామూలు రోజుల్లో ఈ ఏటికి అంత లోతు లేదు.