కార్తహేనా గోడలో గవ్వలు

కొలంబియాలో కరీబియన్ ఒడ్డున ఉన్న కార్తహేనాకి వెళ్ళిన వాళ్ళందరూ ముందు ఫోటో తీసేది బాల్కనీలకే. పసుపు, నీలం, ఎర్ర రంగుల ఇళ్ళు, చెక్క బాల్కనీల మీద నుంచి కిందకి జారే కాగితం పూల తీగలు, బల్లి ఆకారంలో, సింహం మొహంతో, చేప రూపంలో తలుపు తట్టడానికి ఇత్తడి బొమ్మలు. నేను కూడా మొదటి రోజంతా అవే చూస్తూ తిరిగా. రెండో రోజు ఎండ ముదరకముందే కోట గోడ ఎక్కి నడుస్తూ ఒక చోట ఆగి రాయి మీద చెయ్యి పెడితే వేళ్ళకి గరుగ్గా ఏదో తగిలింది, వంగి చూస్తే రాయిలో గవ్వ ఉంది, పక్కనే ఇంకోటి, చుట్టూ చిల్లులు చిల్లులుగా పగడపు రాయి. అంటే ఈ గోడ సముద్రంలోంచి వచ్చిందన్నమాట. మరి అంత రాయిని ఎవరు తవ్వారు, ఎవరు మోశారు? ఆ ప్రశ్న మనసులో పడ్డాక ఊళ్ళో ఏం చూసినా దాంతోనే చూశా.

1533లో పెద్రో దే హెరెదియా అనే స్పెయిన్ వాడు ఈ ఊరికి పునాది వేశాడు, అంతకుముందు ఇక్కడ కలమారీ అనే స్థానిక తెగ పల్లె ఉండేది. లోతైన అఖాతం, లోపలికి రావడానికి ఇరుకైన దారి, ఓడలకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. పెరూ వెండి పనామా మీదుగా వచ్చేది, దాన్ని స్పెయిన్‌కి తీసుకెళ్ళే ఓడలు ఇక్కడ ఆగేవి, అందుకే దొంగల కన్ను ఎప్పుడూ ఈ ఊరి మీదే ఉండేది. 1586లో ఫ్రాన్సిస్ డ్రేక్ అనే ఇంగ్లీషు ఓడదొంగ వచ్చి ఊరిని పట్టుకుని, కొన్ని ఇళ్ళు తగలబెట్టి, కడుతున్న కేథడ్రల్‌ని కూడా కొట్టి, లక్షకి పైగా డకట్లు, అంటే అప్పటి బంగారు నాణేలు, వసూలు చేసుకున్నాకే వదిలాడు. ఆ దెబ్బ తర్వాతే స్పెయిన్ రాజు అంతోనెల్లీ అనే ఇంజినీర్‌ని పంపించాడు, గోడ పని మొదలైంది. మొదలైతే అయింది గానీ పూర్తవడానికి దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది, మొత్తం 11 కిలోమీటర్లు. రాయి కొట్టింది, సున్నం కాల్చింది, మోసింది ఎక్కువగా ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు.

గడియార స్తంభం కింద పెద్ద ద్వారం దాటి లోపలికి రాగానే ప్లాసా దే లోస్ కోచెస్ వస్తుంది. ఒక పక్క ఆర్చీల కింద వరసగా మిఠాయి బల్లలు, పెద్ద పెద్ద గాజు సీసాల్లో కొబ్బరి కోకాదాలు, చింతపండు ఉండలు, పాల మిఠాయిలు. ఒక కోకాదా కొనుక్కుని అక్కడే నిలబడి తిన్నా, పాకం పట్టిన కొబ్బరి, చాలా బావుంది. తర్వాత తెలిసింది, నేను నిలబడ్డ ఆ చౌక్‌లోనే మనుషుల్ని అమ్మేవాళ్ళని. స్పానిష్ అమెరికాలోకి బానిసల్ని దించడానికి అనుమతి ఉన్న ముఖ్యమైన రేవుల్లో ఇదొకటి. అంత రంగురంగుల చోట ఆ విషయం తెలియడానికి కనీసం ఒక పెద్ద ఫలకమైనా కళ్ళకి కొట్టినట్టు ఉండాలని నాకు గట్టిగా అనిపించింది.

అక్కడికి కొంచెం దూరంలోనే సాన్ పెద్రో క్లావెర్ చర్చి. క్లావెర్ 1610లో స్పెయిన్ నుంచి ఈ ఊరొచ్చిన జెసూట్, అంటే ఆ పేరున్న కాథలిక్ సన్యాసుల సంఘం మనిషి. ఓడ వచ్చిందని తెలియగానే పళ్ళు, నీళ్ళు, మందులు పట్టుకుని, ఆఫ్రికా భాషలు తెలిసినవాళ్ళని దుబాసీలుగా వెంటబెట్టుకుని రేవుకి వెళ్ళేవాడు, ఓడ అడుగున చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి దిగేవాడు. ఎప్పటికీ ఆఫ్రికన్ల బానిసనే అని తన ప్రమాణపత్రంలో రాసుకున్నాడట. 1654లో పోయాడు, ఆయన అస్థికలు ఇప్పటికీ పీఠం కింద గాజు పెట్టెలో కనిపిస్తాయి. ఆయన వచ్చిన 1610లోనే ఈ ఊళ్ళో ఇంక్విజిషన్ కోర్టు, అంటే మతం తప్పారన్నవాళ్ళని విచారించి శిక్షించే చర్చి కోర్టు కూడా పెట్టారు, ఆ భవనం ఇప్పుడు మ్యూజియం, పక్క వీధి వైపు గోడకి ఒక చిన్న కిటికీ ఉంటుంది, పొరుగువాళ్ళ మీద చాడీలు అందులోంచే చేరేవి.

సాన్ ఫెలిపే కోటకి మాత్రం మధ్యాహ్నం వెళ్ళకండి, నీడ అనేదే దొరకదు, తొమ్మిదింటికల్లా వెళ్ళిపోవాలి. కోట కింద సొరంగాలున్నాయి, ఒక చివర నడిస్తే ఆ అడుగుల చప్పుడు రెండో చివర వినపడుతుంది, శత్రువు వస్తే ముందే తెలియాలని అలా కట్టారు. కోట ముందున్న విగ్రహం ఈ ఊరిని కాపాడిన స్పెయిన్ నౌకా సేనాని బ్లాస్ దే లెసోది, ఒక కాలు లేదు, ఒక కన్ను లేదు, ఒక చెయ్యి పనిచెయ్యదు, అన్నీ యుద్ధాల్లోనే పోయాయి. 1741లో ఇంగ్లండ్ అడ్మిరల్ వెర్నాన్ 180కి పైగా ఓడలు, పాతిక వేల పైచిలుకు మనుషులతో వచ్చి పడ్డాడు, లోపల లెసో దగ్గర ఉన్నది ఆరు యుద్ధ నౌకలు, మూడు నాలుగు వేల మంది. వెర్నాన్ ముందే గెలుపు కబురు పంపిస్తే ఇంగ్లండ్‌లో లెసో అతని ముందు మోకరిల్లినట్టు పతకాలు కూడా పోసేశారు. కానీ కోట మీదకి ఎగబాకిన దాడి విఫలమైంది, వానలు మొదలయ్యాయి, యెల్లో ఫీవర్ వేల మందిని తినేసింది, మేలో ఓడలు వెనక్కి తిరిగాయి. లెసో కూడా అదే ఏడాది సెప్టెంబర్‌లో పోయాడు, ఎక్కడ పూడ్చారో ఈరోజుకీ తెలీదు.

అప్పుడు కాపాడిన అదే గోడ 1815లో ఉరితాడైంది. 1811 నవంబర్ 11న ఈ ఊరు స్పెయిన్ నుంచి స్వతంత్రం ప్రకటించుకుంది, దానికి హెత్సెమానీ పేటలోని నల్లజాతి వాళ్ళు, మిశ్రమ జాతి వాళ్ళు, చేతిపనుల వాళ్ళు ముందు నిలబడ్డారు. నాలుగేళ్ళకి స్పెయిన్ సేనాని మొరీయో వచ్చి చుట్టుముట్టాడు, నూరు రోజులకి పైగా లోపలికి గింజ రానివ్వలేదు. జనం ఎలుకల్ని తిన్నారు, తోళ్ళు ఉడకబెట్టుకున్నారు, ఊళ్ళో మూడోవంతు మంది పోయారని చెప్తారు. ఈ ఊరిని ఇప్పటికీ లా ఎరోయికా, అంటే వీర నగరి అని పిలిచేది అందుకే. సాయంత్రం హెత్సెమానీలో త్రినిదాద్ చర్చి ముందు కూర్చుంటే పిల్లలు బంతాడుకుంటూ, పక్కన గుడ్డు పెట్టి నూనెలో వేయించిన అరెపా అనే మొక్కజొన్న రొట్టె అమ్ముతూ, ఎక్కడ్నుంచో చంపేతా అనే ఇక్కడి డాన్సు పాట వినిపిస్తూ ఉంటుంది, నాకు ఊరు మొత్తంలో బాగా నచ్చిన చోటు అదే.

గోడ దగ్గర రంగుల గౌన్లు వేసుకుని తల మీద పళ్ళ తట్టతో ఆడవాళ్ళు కనిపిస్తారు, పాలెంకేరాలు అంటారు. టూరిస్టులు వాళ్ళతో ఫోటో దిగి డబ్బులిచ్చి వెళ్ళిపోతారు. దయచేసి ఒక బొప్పాయి ముక్కో పుచ్చకాయ ముక్కో కొని రెండు నిమిషాలు మాట్లాడండి, వాళ్ళ మూలాలు ఇక్కడికి 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న సాన్ బసీలియో దే పాలెంకేలో ఉన్నాయి. 1599లో బెంకోస్ బియోహో అనే ఆఫ్రికన్ భార్యాబిడ్డల్నీ తోటివాళ్ళనీ తీసుకుని ఈ ఊళ్ళోంచి పారిపోయి అడవుల్లో చిత్తడి నేలల వెనక కంచె కట్టుకుని బతికాడు. స్పెయిన్ వాళ్ళు ముందు సంధి చేసుకుని తర్వాత పట్టుకుని 1621లో చంపేశారు, అయినా కొండల్లో అలాంటి పల్లెలు ఆగలేదు. ఆఫ్రికా భాషలు, స్పానిష్ కలిసి పుట్టిన వాళ్ళ మాట పాలెంకేలో ఇప్పటికీ వినపడుతుంది.

పాలెంకేలో చెప్పుకునే ఒక మాట ఉంది, పారిపోయే దారుల్ని ఆడవాళ్ళు జడల్లో అల్లుకునేవాళ్ళట, ఎక్కడ వాగు, ఎక్కడ మలుపు అన్నీ పాయల్లోనే, జుట్టు లోపల విత్తనాలు దాచుకునేవాళ్ళట, చేరిన చోట నాటుకోవడానికి. నాకు పళ్ళు కోసిచ్చినావిడ వంగినప్పుడు తట్ట కింద నెత్తికి అంటుకుని సన్నగా అల్లిన జడలు కనిపించాయి, ఆవిడ వీపు ఆనించింది ఆ గవ్వల గోడకే.