రైతు కుటుంబాల మీద ప్రాజెక్టు: వ్యాసాల కంటే ముందు మాటలు వెతకాలి

“మేడమ్, నా టాపిక్ మీద ఎక్కడా ఏమీ లేదు.” ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థుల ప్రాజెక్టులు చూసే నాబోటి వాళ్లకు ఏటా ఒకసారైనా ఈ మాట వినపడుతుంది. అన్నవాళ్లు బద్ధకస్తులని నేను ఎప్పుడూ అనుకోలేదు. తమకు తోచిన మాటతో తమకు తెలిసిన చోట వెతికి, ఖాళీ చేతులతో వచ్చినవాళ్లే వాళ్లలో ఎక్కువ. పోయినేడు వచ్చిన ఒక అమ్మాయి ప్రాజెక్టు ఆత్మహత్య చేసుకున్న రైతుల భార్యల మానసిక స్థితి గురించి, వాళ్లకు బంధువుల నుంచి, ప్రభుత్వం నుంచి అందే ఆసరా గురించి. ఊరు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది. ‘ఫార్మర్స్ విడోస్ డిప్రెషన్ తెలంగాణ’ అని గూగుల్‌లో కొట్టి, వచ్చిన పత్రికా కథనాలు నాలుగు చదివి, పరిశోధనే జరగలేదని తేల్చుకుని వచ్చింది. “ఒకందుకు మంచిదే కదా మేడమ్, రిసెర్చ్ గ్యాప్ అని రాసేయవచ్చు” అని కూడా అంది.

గ్యాప్ ఉన్నది పరిశోధనలో కాదు, ఆమె కొట్టిన మాటలో. మన రంగంలో ఒక మనిషి బాధను పట్టుకుని నాలుగైదు విద్యలవాళ్లు నాలుగైదు పేర్లతో రాశారు. ఒకరి పేరు ఇంకొకరి అలమారాలో కనిపించదు. భర్త ఉరి వేసుకున్న ఇంట్లో మిగిలిన స్త్రీ మనోవైద్యులకు ‘సైకలాజికల్ అటాప్సీ’ అనే పద్ధతిలో సమాచారం చెప్పే వ్యక్తి మాత్రమే. చనిపోయినవాడి చివరి రోజులను ఇంటివాళ్ల నోట తెలుసుకుని, కారణాలను తిరిగి పేర్చి చూసే ఈ పద్ధతి 1950ల చివర లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. ఆత్మహత్యల నివారణ మీద పనిచేసేవాళ్లు అదే స్త్రీని ‘సర్వైవర్’ అంటారు. ఆమెకు అందించే సాయానికి ‘పోస్ట్‌వెన్షన్’ అని పేరు పెట్టినవాడు ఎడ్విన్ ష్నైడ్‌మన్. ఆమె పడే దుఃఖం ‘సూయిసైడ్ బిరీవ్‌మెంట్’ అనే శీర్షిక కిందికి పోతుంది. ‘సర్వైవర్’ దగ్గర కొంత జాగ్రత్త అవసరం. ఆత్మహత్యాయత్నం చేసి బతికిన మనిషినీ, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లనూ ఒకే మాటతో పిలిచే రచయితలున్నారు. సారాంశం చదవకుండా వ్యాసాన్ని పక్కన పెట్టకూడదు, పెట్టెలో వేసుకోనూ కూడదు.

ఆర్థికవేత్తల దగ్గరికి వెళితే ఆమె దాదాపు మాయమవుతుంది. అక్కడ ‘అగ్రేరియన్ డిస్ట్రెస్’ (వ్యవసాయ సంక్షోభం), ‘ఇన్‌డెటెడ్‌నెస్’ (అప్పుల్లో ఉండటం) అనే మాటలుంటాయి. అప్పు ఎంత, వడ్డీ వ్యాపారిది ఎంత, బ్యాంకుది ఎంత, బోరు ఎన్నిసార్లు ఎండిపోయింది అనే లెక్కలుంటాయి. 1966 నుంచి వస్తున్న ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ లెక్కల మీద ఏళ్ల తరబడి సాగిన చర్చ ఉంది. మనస్తత్వశాస్త్రం విద్యార్థులు ఆ పత్రికను తెరవరు, ఆర్థికశాస్త్రం వాళ్లు మన పత్రికలను తెరవరు. స్త్రీల అధ్యయనాలవాళ్లు ‘విడోహుడ్’ అనీ, భూమి హక్కు అనీ మొదలుపెట్టి, అత్తవారింట్లో ఆమె పేరు పట్టాదారు పాసుపుస్తకంలోకి ఎక్కిందా లేదా అనే చోటికి చేరుకుంటారు. ఇక మనవాళ్లు, అంటే సోషల్ వర్క్ వాళ్లు, ‘కోపింగ్’ (కష్టాన్ని తట్టుకోవడం), ‘సైకోసోషల్ సపోర్ట్’ (మనసుకూ బతుకుకూ ఆసరా) అని రాస్తారు. ఈ చివరి మాటలు ఎంత వెడల్పైనవంటే వాటితో వెతికితే సునామీ బాధితుల నుంచి క్యాన్సర్ రోగుల వరకు అందరూ వచ్చేస్తారు.

అందుకే మొదటి వారం ఒక్క వ్యాసం కూడా చదవవద్దని, ఒక నోటుపుస్తకంలో గడులు గీసి మాటలు మాత్రమే రాసుకొమ్మని ఆమెకు చెప్పాను. ఎవరి గురించి, ఏం జరిగింది, మనసుకు ఏమైంది, ఎక్కడ అనేవి నాలుగు గడులు. ఒక్కొక్క గడిలో ఒకే అర్థం ఉన్న మాటలన్నీ కిందకి వస్తాయి. వెతికేటప్పుడు ఒక గడిలోని మాటల మధ్య ‘ఆర్’ (ఏదో ఒకటి ఉన్నా చాలు), గడికీ గడికీ మధ్య ‘అండ్’ (రెండూ ఉండాలి) పెట్టాలి. లైబ్రరీ సైన్సు చదివినవాళ్లకు ఇది ఒకటో తరగతి పాఠమే. మన విద్యార్థులకు మాత్రం చాలామందికి రెండేళ్ల కోర్సులో ఎవరూ చెప్పరు. మెథడాలజీ పేపరులో శాంప్లింగ్ రకాలు బట్టీ పట్టించే శ్రద్ధలో పదో వంతు దీనికి పెట్టినా సరిపోతుందని నా అభిప్రాయం.

గడులు నింపడానికి సొంత తెలివి ఒక్కటే చాలదు. మనస్తత్వశాస్త్రానికి అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1974 నుంచి ఒక పదకోశం నిర్వహిస్తోంది. వాళ్ల సైక్‌ఇన్ఫో డేటాబేస్‌లోకి వచ్చే ప్రతి వ్యాసానికీ అందులోని పదాలనే తగిలిస్తారు. సైక్‌ఇన్ఫోకు చందా కట్టే కళాశాలలు మన దగ్గర తక్కువ కాబట్టి నేను విద్యార్థులను ముందుగా పబ్‌మెడ్‌కు పంపుతాను. అది వైద్య పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే డేటాబేస్, ఉచితం. “అది డాక్టర్లది కదా మేడమ్” అని వెనకాడతారు గానీ మనోవైద్యం, ఆత్మహత్యలు, కుటుంబ హింస, మద్యం వ్యసనం వంటి మనకు కావలసిన విషయాలెన్నో అందులో ఉన్నాయి. పనికొచ్చే వ్యాసం ఒక్కటి దొరికితే, దాని సారాంశం కింద ‘మెష్’ అనే శీర్షికల వరుస ఉంటుంది. ఆ వ్యాసం దేని గురించో వర్గీకరించి పెట్టిన పేర్లు అవి. ఆ అమ్మాయికి ‘విడోహుడ్’, ‘బిరీవ్‌మెంట్’ అనే మాటలు అక్కడే తగిలాయి. ఆ ఒక్క వ్యాసం చివర ఉన్న పాత రచనల జాబితాతో వెనక్కీ, గూగుల్ స్కాలర్‌లోని ‘సైటెడ్ బై’ లింకుతో (ఆ వ్యాసాన్ని తరువాత ఉదహరించినవాటిని చూపేది) ముందుకూ నడిస్తే రెండు రోజుల్లో ముప్పై వ్యాసాల దాకా పోగయ్యాయి. ‘ఏమీ లేదు’ అన్న పిల్ల ‘ఇన్ని ఎప్పుడు చదవాలి’ అనడం మొదలుపెట్టింది.

‘ఎక్కడ’ అనే గడిలో తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ‘తెలంగాణ’ అని కొడితే ప్రధానంగా 2014 జూన్ తరువాతి అధ్యయనాలే వస్తాయి. అంతకు ముందు వరంగల్‌లోనో మెదక్‌లోనో జరిగిన పని చాలావరకు ‘ఆంధ్రప్రదేశ్’ పేరు మీదే నమోదై ఉంటుంది. 2016లో తెలంగాణ పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. కాబట్టి నాగర్‌కర్నూల్ గురించి కావాలంటే మహబూబ్‌నగర్ అనీ, పుట్టపర్తి వైపు గ్రామాల గురించి కావాలంటే అనంతపురం అనీ కూడా వెతకాలి. ఇంగ్లీషులో ఆ పేర్లకు ఒకే స్పెల్లింగ్ ఉన్నా కొంత నయం. అనంతపురం కనీసం మూడు రకాలుగా, మహబూబ్‌నగర్ కనీసం రెండు రకాలుగా కనిపిస్తాయి. ఈ స్పెల్లింగులన్నీ గడిలోకి ఎక్కాల్సిందే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు శోధ్‌గంగ అనే వెబ్‌సైటు. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలని యు.జి.సి. 2009లో నిబంధన పెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సెంటరు వాటిని అక్కడ ఉంచుతోంది. ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. అధ్యాయానికొక ఫైలు ఉంటుంది. విద్యార్థులు నేరుగా రెండో అధ్యాయం తెరిచి పూర్వ పరిశోధనల సమీక్షను ఎత్తి రాసుకుంటారు. అది చౌకబారు పని అనే కాదు, ప్రమాదం కూడా. ఒకసారి మూడు వేర్వేరు థీసిస్‌లలో ఒకే అధ్యయనానికి ఒకే తప్పు సంవత్సరం కనిపించింది. మొదటివారు పొరబడ్డారు, తక్కిన ఇద్దరూ మూలం తెరవలేదు. నేను తెరవమనేది చివరి ఫైలు, అనుబంధం. అందులో ఇంటర్వ్యూ షెడ్యూలు ఉంటుంది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినదైతే కొన్నిసార్లు తెలుగు ప్రశ్నలు కూడా ఉంటాయి. పల్లెలో ఒక తల్లిని ‘మీ ఆత్మగౌరవ స్థాయి ఎలా ఉంది’ అని అడగలేమని తెలుసుకున్నవాళ్లు ఆ ప్రశ్నను ఎలా మార్చి అడిగారో అక్కడ కనిపిస్తుంది.

ఇక అంకెల సంగతి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే నివేదికను చూడని ప్రాజెక్టు ఉండదు, సరిగ్గా చూసిన ప్రాజెక్టు మాత్రం అరుదు. 2013లో ‘వ్యవసాయంలో స్వయం ఉపాధి’ అనే గడిలో 11,772 ఆత్మహత్యలు ఉన్నాయి. 2014లో రైతుల ఆత్మహత్యలు 5,650. ఒక్క ఏడాదిలో సగానికి సగం తగ్గాయని సంబరంగా రాసిన ప్రాజెక్టు నేనే ఒకటి దిద్దాను. తగ్గడం అటుంచి, 2014 నుంచి ఆ సంస్థ గడులు మార్చింది. రైతులను, వ్యవసాయ కూలీలను విడదీసింది. కూలీలవి మరో 6,710 ఆ పక్కనే ఉన్నాయి, రెండూ కలిపితే 12,360. ఇవన్నీ పోలీసు రికార్డు నుంచి వచ్చే అంకెలు. పట్టా పేరు లేని కౌలు రైతు ఏ గడిలో పడతాడో, పొలం పని చేస్తూ చనిపోయిన స్త్రీ ‘గృహిణి’ గడిలోకి పోయిందేమో అనే అనుమానం పరిశోధకురాలికి ఉండి తీరాలి.

అలాగే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను అందరూ ఉదహరిస్తారు. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారన్నది అందులోని ముఖ్యమైన అంకె. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. దక్షిణాది నుంచి ఉన్నవి కేరళ, తమిళనాడు. ‘మన రాష్ట్రంలో పది శాతం’ అని రాయడానికి అందులో ఆధారం లేదు. ఈ సంగతి తెలిసినప్పుడు ఆ అమ్మాయి ముఖం వెలిగింది. చివరికి ఆమెకు నిజమైన గ్యాప్ దొరికింది.

ప్రభుత్వ కాగితాలను కూడా పరిశోధన వనరులుగానే చూడాలి. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయం గురించి 2004లో వచ్చిన జీవో 421, తెలంగాణ వచ్చాక 2015లో ఆ సాయాన్ని ఆరు లక్షలకు పెంచిన జీవో 194 చదవకుండా ఆ స్త్రీలతో మాట్లాడితే, ‘త్రిసభ్య కమిటీ వాళ్లు ఒప్పుకోలేదు’ అని (ఆత్మహత్యను విచారించి తేల్చే అధికారుల కమిటీ అది) వాళ్లు చెప్పే సగం మాట అర్థం కాదు. ఆర్థికవేత్త జయతీ ఘోష్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన రైతు సంక్షేమ కమిషన్ నివేదిక ఉంది. హైదరాబాదు బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో ఉన్న ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) ప్రచురణలున్నాయి. రైతు స్వరాజ్య వేదిక వంటి సంఘాలు ఊరూరా తిరిగి తయారుచేసిన నివేదికలున్నాయి. ఇవేవీ పబ్‌మెడ్‌లో దొరకవు. సోషల్ వర్క్‌కు సొంత పత్రిక ఏదని అడిగేవాళ్లకు 1940 నుంచి ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) నడుపుతున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్ పేరు చెబుతాను. ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ ఉచితంగానే చదువుకోవచ్చు.

డబ్బు కడితే గాని తెరుచుకోని వ్యాసాల విషయంలో పరిస్థితి ఇటీవల కొంత మారింది. 2025 జనవరి నుంచి ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. సేజ్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే ప్రచురణ సంస్థలు కూడా అందులో ఉండటం మన రంగానికి పెద్ద మేలు. ఈ మొదటి విడతలో ప్రైవేటు కళాశాలలు లేవు. వాటిలో చదివేవాళ్లకు నా సలహా సులువైనదే. గూగుల్ స్కాలర్‌లో వ్యాసం పేరు కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కి, రచయిత తన సంస్థ వెబ్‌సైటులో పెట్టిన ప్రతి ఉందేమో చూడాలి. లేకపోతే రచయితకు నాలుగు వాక్యాల మర్యాదైన ఈమెయిల్ రాయాలి. మా విద్యార్థులు రాసిన వాటిలో సగానికి పైగా జవాబులు వచ్చాయి, ఒక ఆచార్యులైతే తాను వాడిన ప్రశ్నావళి కూడా జతచేసి పంపారు.

ఈ మధ్య చాట్‌బాట్‌ను అడిగి జాబితా తెచ్చుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక అబ్బాయి తెచ్చిన పదకొండింటిలో నాలుగు వ్యాసాలు లోకంలో లేనే లేవు. పత్రిక పేరు నిజం, రచయిత పేరు నిజం, వ్యాసం మాత్రం కల్పితం. మాటల గడులు నింపుకోవడానికి దాన్ని అడగండి, అభ్యంతరం లేదు. వ్యాసం పేరు చెబితే మాత్రం దాన్ని మీ కళ్లతో తెరిచి చూసేవరకు రాయకండి.

మానసిక స్థితిని కొలిచే స్కేళ్ల దగ్గర మేమిద్దరం ఎక్కువ కాలం ఆగిపోయాం. ఆమె మొదట బెక్ డిప్రెషన్ ఇన్వెంటరీ అంది. అది కాపీరైటు ఉన్నది, కొనాలి. పి.హెచ్.క్యూ.–9 అనే ప్రశ్నావళికి అనుమతి అక్కరలేదు, తొమ్మిది ప్రశ్నలే, మొత్తం మార్కులు 27. అయితే అందులోని తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. భర్తను అలా పోగొట్టుకున్న స్త్రీని ఆ ప్రశ్న అడిగి, ఆమె అవునంటే కాగితం మీద టిక్కు పెట్టుకుని లేచి రాలేం. ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలిమానస్ నంబరు 14416 రాసిన చీటీ చేతిలో ఉండాలి, దగ్గరి ఆసుపత్రిలో ఎవరిని కలవాలో ముందే కనుక్కుని ఉండాలి. ఇవి కుదిరాకే ఆమెను ఊరికి పంపాను.

తిరిగి వచ్చాక నోటుపుస్తకం చూపించింది. ‘మనసుకు ఏమైంది’ అనే గడిలో ఇంగ్లీషు మాటల కింద, ఆ స్త్రీల నోట విన్న మాటలు పెన్సిలుతో రాసి ఉన్నాయి. రంది, మనాది, గుండె దడ, పానం మంచిగ లేదు. దడకు ఎదురుగా ‘యాంగ్జైటీ’ అని రాసి కొట్టేసింది. రందికి ఎదురుగా ఏమీ రాయలేదు. వైవా పెట్టే బయటి ఎగ్జామినర్ అడిగితే ఏం చెప్పాలని అడిగింది. ఆ మాటను అలాగే ఉంచి, చెప్పిన సందర్భాలన్నీ దాని కింద వరుసగా రాయమన్నాను.