లంక ఊళ్లో పొట్టి ఆవుల విడిది

రావులపాలెం అరటి మార్కెట్ దాటి, కొత్తపేట మీదుగా పి.గన్నవరం చేరేసరికి కాలువ ఏకంగా నది మీదకెక్కి పారుతుంది. కింద గోదావరి వైనతేయ పాయ, పైన సాగునీరు. ఈ అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లకు వేళకాని వేళ కూడా వండి పెట్టిన ఇల్లాలు ఆమె. ఆ పక్క లంకల్లో, అంటే నది మధ్య దీవుల్లో, బస అంటే తిండికి లోటుండదని ముందే ధైర్యం కలుగుతుంది.

రేవులో పడవెక్కి లంకలోకి వెళ్లాం. కొండ ఊళ్లో ఆల్పకాల మధ్య సేదతీరే వీడియోలు చూసి, అలాంటిది మన దగ్గర లేదా అని చాలామంది అడుగుతున్నారు. ఆల్పకా దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో 3,500 మీటర్లకు పైన, చలిగాలికి పుట్టిన ఉన్ని జంతువు. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న మన ఉక్కలో ఆ ఉన్నితో దాన్ని నిలబెట్టడం పాపం. ఇక్కడ ఆ ముచ్చట తీర్చేది పుంగనూరు ఆవు. పుట్టిల్లు ఉమ్మడి చిత్తూరు జిల్లా అయినా ఇప్పుడు గోదావరి జిల్లాల్లో బాగానే పెంచుతున్నారు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే పెద్దవాళ్ల నడుం దగ్గరే ఆగిపోతుంది. అలాగని బొమ్మ కాదు. బరువు 115 కిలోలకు తగ్గదు, కాలు తొక్కిందంటే గోరు ఊడుతుంది. చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకోవాలి.

బస మండువా లోగిలి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, మధ్యలో ఆకాశం. గదికి గడియలుంటాయి గానీ ఏకాంతం ఉండదు, బాత్రూం పెరట్లో ఉంటుంది. టార్చి తప్పనిసరి. సాయంత్రం దోమలకు కొబ్బరి డొక్కలు, వేపాకు కలిపి పొగ వేస్తారు. పశువుల పాకకు గాలి ఆడే వైపు తెరిచి ఉంచి పొగ పెట్టాలి. మూసిన చోట పెడితే దోమకన్నా ముందు లేగదూడే ఉక్కిరిబిక్కిరవుతుంది.

ఇక్కడ గడియారం పాకలో ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి పాలు పితుకుతారు. ముందు దూడను వదులుతారు. అది పొదుగును కుమ్మి కుడిచాక గాని ఆవు చేపదు, అంటే పాలు దిగనివ్వదు. చేపాక దూడను తల్లి మూతి ముందు కట్టేసి, ఒక చన్ను దానికి వదిలి, మిగతావి పితుకుతారు. సరిగ్గా ఆ వేళకి కొత్త మనుషులు ఫ్లాష్ కొడుతూ చుట్టూ చేరితే ఆవు బెదిరి పాలు బిగబట్టేస్తుంది. ఆ పూట చెంబు సగమే నిండుతుంది, ఇంటివాళ్లు మొహమాటానికి ఏమీ అనరు. దూరంగా, ఆవుకు కనబడేలా, కదలకుండా నిలబడటం మన బాధ్యత.

చెలిమికి సరైన సమయం తొమ్మిది తర్వాత, కడుపు నిండి నెమరు వేస్తున్నప్పుడు. వెనక నుంచి పోకూడదు. "అలా తోకవైపు నుంచి రాకండి బాబూ, బెదురుద్ది" అని ఇంటి పిన్నిగారు మొదటి పూటే హెచ్చరించారు. పక్కనుంచి వెళ్లి, వేళ్లు ముడిచిన చెయ్యి చాపి వాసన చూడనివ్వాలి. తర్వాత మెడ కింద వేలాడే గంగడోలు దగ్గర గోకితే మెడ చాచి ఇచ్చేస్తుంది. నుదురు మాత్రం నెట్టకూడదు. దూడకు అది ఆటే, కానీ అలవాటైతే రేపు పెద్దయ్యాక కొమ్ముతో వస్తుంది. చెవులు వెనక్కి వాల్చి తల దించిందంటే మనమే తప్పుకోవాలి.

తినిపించే విషయంలో జనం ఎక్కువ చెడగొడతారు. మిగిలిన అన్నం, చపాతీలు, బిస్కెట్లు ప్రేమగా పెట్టేస్తారు. పిండిపదార్థం పొట్టలో త్వరగా పులిసి ఆమ్లం పెరిగితే, ఆవు మేత మానేస్తుంది, కడుపు ఉబ్బుతుంది. చిన్న జాతికి కొద్దిపాటి అన్నం కూడా ఎక్కువే. పిల్లిపెసర అనే పప్పుజాతి పచ్చిమేత, పచ్చగడ్డి పిడికెడు, ఒకటి రెండు అరటి తొక్కలు చాలు. పిల్లిపెసర కూడా ఎండుగడ్డితో కలిపే వెయ్యాలి, లేత పచ్చిమేత ఒక్కటే ఎక్కువైనా ఉబ్బరమే. ఎండుగడ్డిలోనూ తేడా ఉంది: చేత్తో కోసిన వరిగడ్డి మేటు వేస్తే ఏడాది నిలుస్తుంది, మిషన్ కోత గడ్డి నలిగి, తడిసి బూజు పడుతుంది. బూజు గడ్డిని మంచి ఆవు వాసన చూసి వదిలేస్తుంది.

పాలల్లో వెన్న 8 శాతం దాకా వస్తుందంటారు, కాఫీ తాగితే నమ్మబుద్ధేస్తుంది. అప్పుడే ఈనిన ఆవుంటే జున్ను అడగొచ్చు గానీ, తొలి పాలు ముందు దూడకే. మిగిలిన వాటికి రెండు మూడింతలు మామూలు పాలు, బెల్లం, మిరియాలు కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు. మామూలు పాలు కలపకపోతే జున్ను రబ్బరులా గట్టిపడుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రావాలి. జులై, ఆగస్టు వద్దు. ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, అప్పటికే పల్లపు లంకల దారులు మునుగుతుంటాయి. పశువులను ఏటిగట్టు మీదికి తోలే హడావుడిలో అతిథి అదనపు బరువు. పొడి రోజుల్లో కూడా నదిలో ఈత వద్దు: ఇసుక తీసిన గుంటలు మోకాలి లోతు నీళ్ల పక్కనే నిలువు లోతు ఉంటాయి. తిరుగు పడవ వేళ రేవులోనే కనుక్కుని రావాలి. చీకటి పడ్డాక పడవ నడిపే సరంగు ఫోన్ ఎత్తడు.