గ్రేట్ క్వీన్ స్ట్రీట్‌లో ఖాళీ జేబు

లాడ్జి అంటే మనకు రూములు అద్దెకిచ్చే చోటు. లండన్‌లో "లాడ్జి చూసొద్దాం పద" అనగానే మా ఆవిడ "దిగిన హోటల్ బానే ఉందిగా" అంది. ఇది ఆ లాడ్జి కాదని చెబుతూనే హోబర్న్ స్టేషన్ నుంచి గ్రేట్ క్వీన్ స్ట్రీట్‌కి నడిపించాను. వీధి మలుపులో తెల్లరాతి కోటలా ఫ్రీమేసన్స్ హాల్. ఫ్రీమేసన్లంటే ఒక పాతకాలపు సోదర సంఘం వాళ్లు, వాళ్ల ఒక్కో శాఖనీ లాడ్జి అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన 3,225 మంది సభ్యుల గుర్తుగా 1927లో మొదలెట్టి 1933లో పూర్తిచేశారు.

నా బుర్రనిండా రహస్య సంఘాల కథలే. చూపించడానికొచ్చిన పెద్దాయన మాత్రం డబ్బు సంగతే ఎత్తుకున్నాడు. కొత్తగా చేరేవాడి దగ్గర ముందే డబ్బూ, లోహపు వస్తువులూ తీసేస్తారట. తర్వాత అందరి ముందూ "దానమేమైనా ఇస్తావా?" అని అడుగుతారు. ఇవ్వడానికి వాడి దగ్గర చిల్లిగవ్వ ఉండదు. చేతిలో ఏమీ లేనప్పుడు ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకో, అలాంటివాడు ఎదురైతే ఆదుకో అంటారు. రహస్యం రహస్యం అంటారే, నాకు నచ్చిన రహస్యం ఇదే.

లాడ్జిలో ఆల్మనర్ అని ఒకరుంటారు. జబ్బుపడ్డ సభ్యుల్నీ, చనిపోయినవాళ్ల భార్యల్నీ వెళ్లి పలకరించి, సాయం అవసరమైతే చూడటం ఆయన పని. చందాలు పోగుచేసే బాధ్యత ఇంకొకరిది.

మ్యూజియంలో పతకాల అద్దాల పెట్టె దగ్గర చాలాసేపు ఆగాం. ఈ భవనానికి 10 గినీలు (గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ విలువైన పాత లెక్క) ఇచ్చినవాళ్లకు వెండి పతకం దక్కిందట. వీళ్ల సేవ సభ్యుల పిల్లలతో మొదలైంది. 1788లో రుస్పిని అనే పళ్ల డాక్టరు ఆడపిల్లల బడికి పునాది వేశాడు, మొదట చేరింది 15 మంది. ఇప్పుడు సాయం బయటివాళ్లకూ అందుతోంది. ఎమర్జెన్సీ వార్డుకొచ్చిన పసిపిల్లల చేతికి టెడ్డీబేర్లు ఇస్తారు. లండన్ ఫైర్ బ్రిగేడ్‌కి 64 మీటర్ల నిచ్చెన బళ్లు రెండు కొనడానికి 25 లక్షల పౌండ్లు ఇచ్చింది కూడా ఇక్కడి సభ్యులే.

"బడి ఆడపిల్లలకి పెట్టారు సరే, ఆడవాళ్లని చేర్చుకుంటారా?" అంది మా ఆవిడ. ఈ గ్రాండ్ లాడ్జిలో, అంటే లాడ్జిలన్నిటికీ పైనున్న సంస్థలో, మగవాళ్లే, ఆడవాళ్లకి 1908 నుంచీ వేరే సంస్థ ఉందన్నాడాయన. ఆమెకి ఆ జవాబు రుచించలేదు.

బయటికొస్తూ విరాళాల డబ్బా చూసి జేబులు తడుముకున్నాను. కార్డు తప్ప ఏమీ లేదు. చివరికి ఆమే హ్యాండ్‌బ్యాగ్ అడుగు నుంచి రెండు పౌండ్ల నాణెం తీసి వేసింది.

"చేర్చుకోనివాళ్లకి చందా ఎందుకూ?" అన్నాను.

"టెడ్డీబేర్లకి" అంది.