పదకొండో పేజీలో చాక్లెట్ కాగితం

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున పెసరట్టు పిండి రుబ్బుతుంటే పై ఇంటి పాప వచ్చింది. చేతిలో 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం. మూడు వారాల కిందట నేనే ఇచ్చాను. "చదివావా నాన్నా?" అంటే తల ఎటో ఊపి, "బాగుంది ఆంటీ" అంది. మిక్సీ ఆపి, చెయ్యి తుడుచుకుని పుస్తకం అందుకున్నాను. పదకొండో పేజీలో ఒక చాక్లెట్ కాగితం నిలువుగా మడిచి పెట్టి ఉంది. తీయడం మర్చిపోయినట్టుంది.

నాకు మనసు చివుక్కుమంది, ఆ పిల్ల మీద కాదు. ఎనిమిదో తరగతి పిల్ల పెద్దదాన్ని నొప్పించకూడదని అబద్ధం చెప్పాల్సి వచ్చిందంటే, నేనిచ్చిన పుస్తకంలోనో ఇచ్చిన తీరులోనో ఏదో తేడా ఉంది. "అట్టు తిని వెళ్దువుగాని, ఒక్క పేజీ నాకు చదివి వినిపించు" అని కుర్చీ లాగాను.

అక్షరాల కింద వేలు పెట్టి చదివింది. పక్కన కూర్చుని ఆ వేలినే చూశాను. తేలిక మాటల దగ్గర వేలు సాఫీగా జరుగుతోంది. వత్తు కింద మరో వత్తు వచ్చిన చోట ఆగుతోంది. మాటను రెండు ముక్కలు చేసి మొదటి ముక్క పలుకుతుంది, రెండోది చూస్తుంది, మళ్లీ మొదటికొచ్చి రెండూ కలుపుతుంది. అలా వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఎవరు ఏం చేశారన్నది చేజారిపోతోంది. మళ్లీ వెనక్కి వెళ్తుంది. గోడ గడియారం చూశాను. ఆ పేజీకి ఏడు నిమిషాలు పట్టింది. ఏడు నిమిషాలకో పేజీ చొప్పున నడిస్తే ఎంత నవ్వించే పుస్తకమైనా నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదే పిల్ల వేసవి సెలవుల్లో హ్యారీ పోటర్ నాలుగో భాగం ఇంగ్లీషులో చదివింది. అది ఆరొందల పేజీలకు పైమాటే. కథలో ఎవరు మంచి, ఎవరు చెడు, మంచివాళ్లు కూడా ఎందుకు అబద్ధమాడతారు అని మెట్ల మీద కూర్చుని నాతో అరగంట వాదించింది. ఆ పిల్ల ఆలోచన వయసు పదమూడు. తెలుగు చదివే వేగం వయసు ఏడో ఎనిమిదో. ఒకే మనిషిలో రెండు వయసులు. నేను పదమూడేళ్ల పిల్లకి పుస్తకం ఇచ్చాను గానీ, ఆ ఎనిమిదేళ్ల పాపను లెక్కలోకి తీసుకోలేదు.

పుస్తకం నేను తీసుకుని, ముందుకు తిప్పి, పార్వతీశం మద్రాసులో టోపీ కొనుక్కునే చోటు నుంచి పైకి చదివాను. అది ఆడవాళ్ల టోపీ అని తెలియక దర్జాగా పెట్టుకుని తిరుగుతాడు కదా, అక్కడికొచ్చేసరికి పాప నోట్లో అట్టుముక్క పెట్టుకుని నవ్వలేక నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది, "ఇంట్లో చెప్పకుండా వచ్చేశాడుగా ఆంటీ, వాళ్లమ్మ వెతకలేదా?" నేను ఈ పుస్తకం ఎన్నిసార్లు చదివానో. ఎప్పుడూ నవ్వుకోవడమే, ఆ తల్లి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

1924లో వచ్చిన పుస్తకం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు మొగల్తూరు కుర్రాడిని ఇంగ్లండు పంపి వందేళ్లు దాటింది. హాస్యం పాడవలేదు. కాకపోతే వాక్యాలు తీరిగ్గా నడుస్తాయి, ఆ కాలపు మాటలు ఉంటాయి. "బారిస్టరంటే ఏంటి?" అన్న ప్రశ్న దగ్గరే ఈ కాలం పిల్లలు ఆగుతారు. ఇది చేతికిచ్చి పంపే పుస్తకం కాదు, పక్కన కూర్చుని చదివి వినిపించే పుస్తకం. ఈ సంగతి నాకు ఈరోజు అర్థమైంది.

ఏమిద్దామా అని బీరువా ముందు నిలబడ్డాను. మొదట 'రైలుబడి' తీశాను. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసుకున్న పుస్తకం. నవల అనొచ్చో లేదో గానీ నవలలాగే చదివిస్తుంది. అల్లరి పిల్ల అని చిన్నారి తెత్సుకోని, అంటే తొత్తోచాన్‌ని, ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేస్తారు. కొత్త బడిలో తరగతి గదులు పాత రైలు పెట్టెలు. చేరిన మొదటి రోజు హెడ్మాస్టరు కొబయాషిగారు ఆ పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెప్పాల్సిందంతా చెప్పమంటాడు. నాలుగు గంటలు వింటాడు. అధ్యాయాలు చిన్నవి, వాక్యాలు చిన్నవి. అలాగని చిన్నపిల్లల పుస్తకం కాదు. పోలియో వచ్చిన స్నేహితుడిని తొత్తోచాన్ చెట్టెక్కించే ఘట్టం ఉంది. నిచ్చెన ఈడ్చుకొచ్చి, కింద నుంచి తోసి, పై నుంచి లాగి, ఎలాగో కొమ్మ మీదికి చేరుస్తుంది. నాకు యాభై దాటాయి, ఇప్పటికీ అక్కడ గొంతు పట్టేస్తుంది. చివర్లో యుద్ధం వస్తుంది, బాంబుదాడిలో బడి కాలిపోతుంది. పదమూడేళ్ల మనసుకి కావాల్సినంత బరువుంది, ఎనిమిదేళ్ల వేలికి అందే వాక్యం ఉంది.

దాంతోపాటు 'తోకచుక్క' కూడా తీశాను. 1954లో చందమామలో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్. నెలకింత అని సాగిన కథ కాబట్టి ప్రతి భాగం చివర ఎవరో ఒకరు ప్రమాదంలో ఉంటారు. నెమ్మదిగా చదివే పిల్లలకి అది పెద్ద సాయం. నాలుగు పేజీలు చదివి ఆపినా ఒక మెట్టు ఎక్కిన తృప్తి ఉంటుంది, మళ్లీ తెరిచే కారణమూ ఉంటుంది. చందమామ చిత్రకారుడు 'చిత్రా' వేసిన బొమ్మలు సరేసరి. ఇక చందమామ తెలుగు! కొడవటిగంటి కుటుంబరావుగారు అక్కడ ఏళ్ల తరబడి కూర్చుని, వచ్చిన ప్రతి కథనీ తేటగా తీర్చిదిద్దారు. ఎంత వింత సంగతైనా మామూలు మాటల్లో చెప్పడం ఆ పత్రికలోనే చూశాను.

పాప రెండూ అటూ ఇటూ తిప్పి చూసి, 'రైలుబడి' చంకలో పెట్టుకుంది. 'తోకచుక్క'లో బొమ్మలు చూసి, "ఇది మా తమ్ముడికి" అంది. నేను పట్టుబట్టలేదు.

మధ్యాహ్నం వాళ్లమ్మ బట్టలు తీయడానికి డాబా మీదికి వచ్చినప్పుడు కనిపించింది. "అక్కా, దానికేదైనా నీతి కథల పుస్తకం ఇవ్వకూడదూ? చిన్న చిన్నవైతే తెలుగు వస్తుంది" అంది. ఆ అమ్మాయి ఆరాటం నాకు అర్థమవుతుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఉద్యోగం, ఇల్లు. పిల్లకి తెలుగు పోతోందన్న బెంగ. కానీ కాకి, నక్క, రొట్టెముక్క కథ పదమూడేళ్ల పిల్ల చేతిలో పెడితే ఆ పిల్లకి ఒక్కటే అర్థమవుతుంది, తెలుగంటే చిన్నపిల్లలదని. అక్కడితో తెలుగు పుస్తకం ముట్టుకోదు. ఈ మాటే కొంచెం మెత్తగా చెప్పాను. "రాత్రి పడుకునే ముందు నువ్వొక పేజీ, అదొక పేజీ చదవండి. అది తప్పు చదివితే దిద్దకు. అడిగితేనే చెప్పు" అన్నాను. దిద్దకు అన్నదానికి ఆశ్చర్యపోయింది. కథలో ఉన్న పిల్లని ప్రతి మాటకీ బయటికి లాగితే కథ ఎప్పుడు చదువుతుంది?

సాయంత్రం హైదరాబాద్ నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్. పదో తరగతి. వాడి సంగతి వేరు. తెలుగు బాగా చదువుతాడు, వాళ్ల తాతయ్య పుణ్యం. వేసవిలో వచ్చినప్పుడు కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' ఇచ్చాను. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసిన రచయిత. పందులు కాసే ముసలివాడు, తప్పిపోయిన సుక్కపంది, అడవి, ఒక్క రాత్రి. అంతే కథ. వంద పేజీల చిన్న నవల. వాడు మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకి ముగించి, బయటికొచ్చి అరుగు మీద చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. ఎలా ఉందని నేను అడగలేదు. పుస్తకం మూయగానే పిల్లల్ని పరీక్ష పెట్టినట్టు అడగడం నాకు నచ్చదు. రాత్రి భోజనాల దగ్గర వాడే అన్నాడు, "అత్తా, ఇందులో విలన్ లేడు."

ఇప్పుడు అలాంటిదే ఇంకొకటి కావాలట. 'ఏడుతరాలు' చెప్పాను. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'కి సహవాసిగారి తెలుగు. ఢోలు చేసుకోవడానికి కర్ర కోసం అడవికెళ్లిన కుంటా కింటేని బానిసల వేటగాళ్లు పట్టుకుపోతారు. కుంటా మావాడి కంటే ఒకటి రెండేళ్లు పెద్ద కుర్రాడే. ఓడ అడుగున గొలుసులతో ఆ ప్రయాణం చదివినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

అందుకే ఫోన్ మా మరదలికి ఇమ్మన్నాను. "వదినా, ఆ వయసులో అంత హింస ఎందుకు?" అంది వెంటనే. అడగాల్సిన ప్రశ్నే. నేను దాచలేదు. కొరడా దెబ్బలుంటాయి, ఆడవాళ్ల మీద అత్యాచారం ఉంటుంది, అవి లేకుండా ఆ చరిత్ర లేదు. "ముందు నువ్వు చదువు. చదివాక వద్దనిపిస్తే ఇంకో ఏడాది ఆగు. ఇవ్వాలనిపిస్తే ఇచ్చి, నువ్వు కూడా చదివానని వాడికి చెప్పు. అడగడానికి ఒక మనిషి ఉన్నారని వాడికి తెలియాలి" అన్నాను. ఒప్పుకుంది. వాడి ఫోన్‌లో ఏమేం కనబడుతున్నాయో మనం చూడలేం. పుస్తకమైతే మనం ముందు చదవొచ్చు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఒకటే బాధ. నేను ఈరోజు చెప్పినవాటిలో ఒకటి జపాన్‌ది, ఒకటి అమెరికాది, ఒకటి వందేళ్లనాటిది, ఒకటి డెబ్బయ్యేళ్లనాటిది. కేశవరెడ్డిగారిది పిల్లల కోసం రాసింది కాదు. మా చిన్నప్పుడూ అంతే. నండూరి రామమోహనరావుగారు 'టామ్ సాయర్', 'కాంచన ద్వీపం' తెలుగు చేయకపోతే మా శాఖా గ్రంథాలయంలో నాకు పన్నెండేళ్లప్పుడు చదవడానికి ఏముండేది? పిల్లల కథలు తెలుగులో బోలెడు. పదీ పదహారేళ్ల మధ్య వాళ్ల కోసం, వాళ్ల గురించి, ఈ కాలం నవల కావాలంటే వేళ్ల మీద లెక్కపెట్టాలి. పక్క బెంచీ స్నేహితురాలు ఉన్నట్టుండి మాట్లాడటం మానేసిన పిల్ల, పెద్దమనిషి అయిన ఏడాది ఇంట్లో మారిపోయే మాటలు, ఇంటర్ హాస్టల్లో వారానికో ర్యాంకు చూసుకుని దుప్పటి ముసుగేసుకునే కుర్రాడు, వీళ్లంతా మన అపార్టుమెంట్లలోనే ఉన్నారు. మన నవలల్లోకి ఎందుకు రావడం లేదు? రాయగలిగిన వాళ్లు రాయాలి. ఇది నేను మనస్ఫూర్తిగా అడుగుతున్నాను.

ఇందాక ఎనిమిదింటికి మళ్లీ కాలింగ్ బెల్. పాప. 'రైలుబడి'లో ఏదో మాట అడగడానికనుకున్నాను. కాదు. "ఆంటీ, ఆ పార్వతీశం పుస్తకం కూడా ఇస్తారా? అమ్మ చదువుతుందంట. టోపీ సంగతి నేను చెబితే, తను చిన్నప్పుడు పాఠంలో చదివానంటోంది. తను చదువుతుంటే నేను వింటా."

ఇచ్చాను. ఇచ్చే ముందు పదకొండో పేజీలో కాగితం తీసి, పొద్దున మేం ఆపిన చోట పెట్టాను. అది చూసి ఒక్క క్షణం తల దించుకుంది, తర్వాత నవ్వింది. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఏలూరు రోడ్డులో దిగాలి. నా దగ్గరున్న 'కాంచన ద్వీపం' అట్ట ఊడిపోయింది, మధ్యలో పేజీలు కూడా లేవు. కొత్తది దొరుకుతుందేమో అడగాలి. పాప తమ్ముడికి పదకొండేళ్లు. 'తోకచుక్క' అయ్యాక వాడే వస్తాడు.