మినార్డీ 38 పాయింట్ల లెక్క

ఫార్ములా 1 కార్ల రేసుల్లో మినార్డీ అనే జట్టు లెక్క ఇది: 1985 నుంచి 2005 దాకా 340 రేసులు, మొత్తం కలిపి 38 పాయింట్లు. గెలుపు సంగతి అటుంచండి, ఒక్క పోడియం (మొదటి మూడు స్థానాలవాళ్లు నిలబడే మెట్టు) కూడా లేదు. ఈ అంకెలు చూపించి మినార్డీ జట్టుని జోకులా తీసిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అసలు ఆ 38 లో 7 ఎలా వచ్చాయో తెలిస్తే ఈ లెక్క ఎంత పిచ్చిదో అర్థమవుతుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇటలీలో ఇమోలా సర్క్యూట్‌కి దగ్గర్లోనే ఫయెంజా అనే ఊరుంది, పింగాణీ సామాన్లకు పేరు. అక్కడ జాన్‌కార్లో మినార్డీ వాళ్ల కుటుంబానికి ఫియట్ డీలర్‌షిప్ ఉండేది. ఆయన ఫార్ములా 2 లో జట్టు నడిపి, 1985 లో ఫార్ములా 1 లో దిగాడు. ఒకే కారు, ఎం185. ఒకే డ్రైవర్, పియెర్లుయిజీ మార్టీనీ. ఇంజిన్ల రూపకర్త కార్లో కీటీ చేస్తున్న వి6 టర్బో ఇంజిన్ టైముకి అందక, పాత కాస్‌వర్త్ వి8 (టర్బో లేని, బలం తక్కువైన ఇంజిన్) పెట్టుకుని టర్బో కార్ల మధ్యకి వెళ్లారు. టర్బో వచ్చాకైనా బాగుపడిందా అంటే అదీ లేదు. మొదటి పాయింటు 1988 లో డెట్రాయిట్‌లో వచ్చింది, అదీ మధ్యలో జట్టుకి దూరమైన మార్టీనీ తిరిగొచ్చిన మొదటి రేసులోనే.

అప్పట్లో మొదటి ఆరుగురికే పాయింట్లు, అదీ అసలు చిక్కు. 1990 లో ఫీనిక్స్‌లో, రేసులో ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో, శుక్రవారం మినార్డీ వాడిన పిరెల్లీ టైర్లు బాగా పనిచేశాయి, శనివారం వాన పడి ఎవరూ టైము మెరుగుపరుచుకోలేకపోయారు, దాంతో మార్టీనీ నడిపిన మినార్డీ మొదటి వరసలో, మేటి డ్రైవర్ సెన్నా కంటే ముందు నిలబడింది! రేసులో ఏడోవాడిగా వచ్చాడు. అంటే సున్నా. ఫెరారీ వి12 ఇంజిన్‌తో నడిచిన 1991 లో రెండుసార్లు నాలుగో స్థానం దక్కింది, జట్ల పట్టికలో స్థానం చూస్తే వాళ్ల అన్ని సీజన్లలోనూ అదే మంచిది.

ఇక 1999 లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ రేసు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. వానా ఎండా మారుతున్న రేసులో ముందున్నవాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే మినార్డీ డ్రైవర్ లూకా బదోయెర్ నాలుగో స్థానంలోకి వచ్చాడు, ఇంకో పదమూడు ల్యాపులు లాగితే చాలు, గేర్‌బాక్స్ పోయింది. కారు దిగి దాని పక్కనే కూలబడి ఏడ్చాడు. అదే రేసులో రెండో మినార్డీ నడిపిన మార్క్ జెనే ఆరోవాడిగా వచ్చి ఒక పాయింటు తెచ్చాడు, జట్టుకి ఆ ఏడాది మొత్తానికి అదొక్కటే.

2001 లో ఆస్ట్రేలియావాడు పాల్ స్టాడర్ట్ జట్టుని కొన్నాడు. తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన అలొన్సో మొదటి సీజన్ నడిపింది ఇక్కడే. మరుసటి ఏడాది మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియావాడే అయిన మార్క్ వెబర్ తన మొదటి రేసులోనే ఐదోవాడిగా వస్తే, అసలు ప్రైజులిచ్చే తంతు అయ్యాక స్టాడర్ట్, వెబర్ ఇద్దరూ వెళ్లి పోడియం ఎక్కేశారు. రూల్స్ ప్రకారం తప్పే అనుకోండి, కానీ ఆ జనం అరుపులు వినాలి.

ఇప్పుడు ఆ 7 పాయింట్ల సంగతి. 2005 ఇండియనాపొలిస్‌లో టైర్ల భయంతో మిషెలిన్ టైర్లు వేసుకున్న కార్లన్నీ రేసు మొదలవ్వకముందే పక్కకి తప్పుకున్నాయి, మిగిలినవి ఆరు. అందులో మినార్డీలు ఐదు, ఆరు. చివర వచ్చినందుకు 4, 3 పాయింట్లు! బదోయెర్ ఏడ్చిన రోజు నాలుగో స్థానం నిలిచినా, అప్పటి పాయింట్ల పద్ధతిలో 3 పాయింట్లే వచ్చేవి.

ఆ ఏడాది చివర్లో రెడ్ బుల్ జట్టుని కొనేసి టోరో రోసో అని పేరు మార్చింది. ఫ్యాక్టరీ మాత్రం ఫయెంజాలోనే ఉండిపోయింది. 2008 లో ఇటలీలోని మోంజాలో టోరో రోసో డ్రైవర్ వెటెల్ వానలో గెలిచాడు చూడండి, అది ఆ ఫ్యాక్టరీ జట్టే. రికార్డుల్లో మాత్రం ఆ గెలుపు మినార్డీ ఖాతాలో ఉండదు.