కొత్తగా వెలిగిన రేడియో గెలాక్సీని నమ్మే ముందు

పాత రేడియో పటంలో ఖాళీగా ఉన్నచోట ఇరవై ఏళ్ల తర్వాత ఒక చుక్క తేలిందనుకోండి. ఆ గెలాక్సీ నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం కొత్తగా జెట్ (దాదాపు కాంతి వేగంతో దూసుకెళ్లే సన్నటి పదార్థ ధార) చిమ్మిందని అప్పుడే తేల్చేయకండి. ముందు రెండు పటాలూ ఒకే పౌనఃపున్యంలో తీసినవేనా అని చూడండి. అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపుతో 1993లో మొదలైన ‘ఫస్ట్’ (FIRST) అనే ఆకాశ సర్వే 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర చేసినది. అదే టెలిస్కోపుతో 2017లో మొదలైన వీఎల్ఏఎస్ఎస్ సర్వే 3 గిగాహెర్ట్జ్ దగ్గర. పొరపాటు పడేది ఇక్కడే. జెట్ కొనల దగ్గర ఉబ్బే రేడియో మేఘాలను లోబ్‌లంటారు; పౌనఃపున్యంతో వెలుగు ఎలా మారుతుందో చెప్పేది వాలు. మామూలు లోబ్‌ల వాలు -0.7 ఉంటే, 1.4 దగ్గర 10 మిల్లీజాన్‌స్కీలు (రేడియో వెలుగు కొలమానం) ఉన్నది 3 దగ్గర 5.9కి పడిపోతుంది. చిన్న, చిక్కటి మూలం మాత్రం తన సింక్రోట్రాన్ తరంగాలను (అయస్కాంత క్షేత్రంలో సుడి తిరిగే ఎలక్ట్రాన్లు వెలువరించే రేడియో తరంగాలను) తానే మింగేసుకుంటుంది, వాలు +2.5 దాకా ఎక్కవచ్చు. అప్పుడు ఏళ్ల తరబడి ఏమీ మారని మూలం కూడా 3 దగ్గర 6.7 రెట్లు ఎక్కువ కనిపిస్తుంది!

అందుకే 1 నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా కొద్ది రోజుల తేడాలోనే కొలవాలి, ఏడాదో రెండేళ్లో ఆగి మళ్లీ కొలవాలి. పసి జెట్ వర్ణపటం, అంటే ఏ పౌనఃపున్యంలో ఎంత వెలుగో చూపే గీత, గుట్టలా ఉంటుంది. జెట్ విస్తరించేకొద్దీ అయస్కాంత క్షేత్రం బలహీనపడి, ఆ గుట్ట శిఖరం తక్కువ పౌనఃపున్యాల వైపు జరుగుతుంది. కాబట్టి 10 దగ్గర తగ్గుముఖం పట్టిన మూలమే అదే సమయంలో 1.4 దగ్గర ఇంకా పెరుగుతూ ఉండవచ్చు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే అందంగా తోచేది ఇదే. జెట్ మనవైపే గురిపెట్టి ఉన్న బ్లేజార్లతో దీన్ని పొరబడకండి: వాటి వర్ణపటం సాధారణంగా చదునుగా ఉంటుంది, వెలుగు నెలల్లోనే పెరిగి తగ్గుతుంది.

ఉదాహరణకు, 1ఈఎస్ 1927+654 అనే గెలాక్సీ రేడియో వెలుగు 2023లో కొన్ని నెలల్లోనే దాదాపు 60 రెట్లు పెరిగింది. ఆ తర్వాత వేల కిలోమీటర్ల దూరాల్లో ఉన్న యాంటెన్నాలు కలిపి చూస్తే, కేంద్రానికి రెండు పక్కలా కాంతి వేగంలో 0.2–0.3 వంతు వేగంతో సాగుతున్న జెట్ కనిపించింది.

జెట్ వయసు కట్టడం సులువే. దాని రెండు కొనల మధ్య 30 పార్సెక్కులు (సుమారు 98 కాంతి సంవత్సరాలు) ఉండి, ఆ ఎడం కాంతి వేగంలో 0.2 వంతున పెరుగుతుంటే దాదాపు 490 ఏళ్లు. అయితే ఇలాంటి చిన్నవి, పెద్ద రేడియో గెలాక్సీల లెక్కకు సరిపోనంత ఎక్కువగా ఉన్నాయి. అంటే చాలా జెట్‌లు మధ్యలోనే ఆగిపోతున్నట్టుంది.

చివరగా 150 మెగాహెర్ట్జ్ పటం తప్పక తిరగేయండి. చుట్టూ పాత లోబ్‌లు మసగ్గా కనిపిస్తే అది తొలి పుట్టుక కాదు, ఆగి మళ్లీ మొదలైన జెట్.